బావగారింటి వెనక గది

ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్ళకి శాలువా కప్పుతారు, దండ వేస్తారు, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటిదాకా సాగనంపుతారు. నాకవేం జరగలేదు. నిచ్చెన ఎక్కుతుంటే ఓ పొద్దున్న మోకాలు కలుక్కుమంది. మెల్లిగా కిందకి దిగి, తాళాల గుత్తి మా కోడలి చేతిలో పెట్టేను. అదే నా రిటైర్మెంటు.

నేను చేసింది అద్దిళ్ళు చూసుకునే పని. అది ఉద్యోగమేవిటని నవ్వేవాళ్ళుంటారు. మలికిపురంలో మాది రెండు పోర్షన్ల ఇల్లు. ఒకదాంట్లో మేం, రెండోదాంట్లో అద్దెకున్నవాళ్ళు. మా ఆయనా, ఆయన అన్నగారైన మా బావగారూ కువైట్‌లో ఉండేవాళ్ళు. బావగారు రాజోలులో కాలవ పక్కన ఓ డాబా కట్టుకుని, గృహప్రవేశం అవగానే తాళాలు నాకిచ్చి విమానం ఎక్కేసేరు. ఆయన్ని చూసి మరో ఇద్దరు చుట్టాలు కూడా తమ ఇళ్ళ తాళాలు తెచ్చి నా కొంగుకే కట్టేరు. అలా నేను కట్టని ఇళ్ళకి కూడా ఇల్లుగలావిణ్ణయిపోయేను.

ఈ పని ఇప్పుడు చేస్తున్న మా కోడలికీ, ఇకముందు ఎవరి మీద పడితే వాళ్ళకీ ఉపయోగపడుతుందని ఒక్క ఇంటి సంగతి చెబుతాను. మిగతావి కొళాయిలూ, మోటార్లూ, చెదలూ. అవి చేస్తూంటే మీకే వస్తాయి.

వానలకి ముందోసారి, వానలు తగ్గేక ఓసారి ప్రతి ఇంటికీ వెళ్ళి చూసేదాన్ని. డాబా మీద కొబ్బరి పూత రాలి గొట్టాలకి అడ్డంపడితే తీయించడం, గోడల్లో చెమ్మ ఎక్కడిదాకా ఎక్కిందో చెయ్యి పెట్టి చూడడం, స్విచ్చిబోర్డుల మీద ఓ కన్నేయడం, ఇంతే. మధ్యలో పిలిస్తే వెళ్ళేదాన్ని. పిలవడానికి అద్దెకున్నవాళ్ళకి కారణం అక్కర్లేదు. వంటింట్లో బల్లి అరుస్తోందని కూడా ఓ లెక్చరరుగారు ఫోన్ చేసేరు. ఏం చెప్పాలో తెలీక, "మంచిదేనండీ" అన్నాను.

ఒక్క రాజోలు ఇంటి నుంచే ఎప్పుడూ ఫోను వచ్చేది కాదు.

ఆ ఇంట్లో ఉండేది ఆస్పత్రిలో పనిచేసే ఓ నర్సమ్మ కుటుంబం. ఆవిడ భర్త తాటిపాకలో ఓ కాంట్రాక్టరు దగ్గర బండి నడిపేవాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఓ అత్తగారు. ఆదివారం పొద్దున్నే అందరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళేవాళ్ళు. వాకిలి అద్దంలా ఉంచుకునేవాళ్ళు. నేను వెళితే నర్సమ్మ గుమ్మంలోనే కుర్చీ వేసి, టీ ఇచ్చి, నేను అడక్కముందే "ఆయ్, అన్నీ బాగున్నాయండీ ఆంటీ" అనేది. లోపల ఓ చూపు చూస్తానంటే, ముందు గదీ, వంటిల్లూ చూపించేది. వెనక గదిలో అత్తగారు పడుకున్నారనేది. ముసలావిడ్ని లేపడమెందుకని నేనూ వచ్చేసేదాన్ని. ఓసారి ఆ పెద్దావిడ చెయ్యి మెళ్ళోంచి గుడ్డతో కట్టుకుని కనిపించింది. ఏమైందండీ అంటే, కాలవగట్టు మీద జారేనంది.

ఓ ఏడాది వానలు మొదలైన కొత్తల్లో వెళ్ళేసరికి నర్సమ్మ డ్యూటీలో ఉంది. పెద్దావిడే తలుపు తీసింది. టీ ఇచ్చేవాళ్ళూ, గుమ్మంలో కూర్చోబెట్టేవాళ్ళూ లేకపోవడంతో నేను నేరుగా వెనక గదిలోకి నడిచేను.

గది పైకప్పు కనిపించలేదు. గోడ నుంచి గోడకి ఎర్రచీర ఒకటి లాగి, మేకులు కొట్టి కట్టేరు. దాని మీద మెరుపు కాగితాల చుక్కలు అంటించి ఉన్నాయి.

"ఇదేవిటండీ?"

"క్రిస్మస్‌కి పిల్లలు కట్టేరండీ అమ్మగారూ. అందంగా ఉందని తియ్యలేదండీ."

అందంగానే ఉంది. కానీ మధ్యలో చీర కడుపుతో ఉన్నట్టు కిందకి దిగి ఉంది. మూలనున్న బూజు కర్ర తీసి అక్కడ పొడవబోయేను. పెద్దావిడ ఒక్క అంగలో వచ్చి కర్ర పట్టేసుకుంది.

"వద్దండీ. మీద పడతాయి."

అనేసి, అన్నందుకు నోరు మూసుకుంది.

మేకు ఒకటి పీకి చీర అంచు వదిలేసరికి ఇసకా, సున్నం, అరచెయ్యంత పెచ్చులూ బొళబొళా రాలేయి. పైన శ్లాబు లోపలి ఊచలు బయటపడి, తుప్పుపట్టి, పొరలు పొరలుగా ఊడుతున్నాయి. దాని కిందే పెద్దావిడ మంచం. పక్కన పిల్లల పరుపు చుట్టి పెట్టి ఉంది.

నేను అక్కణ్ణించి కదల్లేదు. నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చేదాకా వాకిట్లో కూర్చున్నాను. వచ్చి, నా మొహం చూసి, గదిలోకి చూసి, యూనిఫారం మార్చుకోకుండానే నా ఎదురుగా గుమ్మంలో కూలబడింది.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"పోయినేడు వానల నుంచండీ."

"నాకెందుకు చెప్పలేదు? నేను ఇన్నిసార్లు వచ్చేను కదా. నెత్తి మీద పడితే?"

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపంగా కూడా అనలేదు. పేషెంటుకి మందులు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఇదివరకు ఉన్నచోట బాత్రూం గోడ షాకు కొడుతోందని చెప్పేం ఆంటీ. వాళ్ళ చుట్టాలొస్తున్నారు, ఖాళీ చెయ్యమన్నారు. మేం వెళ్ళేక టులెట్ బోర్డు పెట్టేరు. దానికి ముందింట్లో వాన కారుతోందని చెప్పేం. అక్కడా అంతే. ఇల్లు వెతుక్కోడం మీకున్నంత తేలిక కాదండీ మాకు. గుమ్మంలోనే 'మీరేవిట్లు?' అని కులం అడుగుతారు. చెప్పేక, ఇప్పుడే ఎవరికో ఇచ్చేసేం అంటారు. మీరొక్కరే అడక్కుండా ఇచ్చేరు. ఇదీ పోతే పిల్లల బడి మార్చాలి. అందుకని చీర కట్టుకున్నాం."

అమ్మాయిలూ, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఏ ఇంటి నుంచీ ఫోను రాలేదంటే ఆ ఇల్లు బాగున్నట్టని నేననుకునేదాన్ని. ఫోను చెయ్యడానికి కూడా కొంచెం ధైర్యం కావాలి. బల్లి అరిచిందని చేసిన లెక్చరరుగారికి ఆ ధైర్యం ఉంది. ఎక్కడ ఏ చప్పుడూ లేదో ముందు అక్కడికే వెళ్ళండి.

ఆ పూట నేను లేచి నిలబడి గట్టిగానే అన్నాను. "మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఈ శ్లాబు బాగుచేయించేక మళ్ళీ ఈ గదిలోకే వస్తారు. ఇది నా మాట."

ఆ ఇల్లు నాది కాదన్న సంగతి వీధిలోకి వచ్చేక గుర్తొచ్చింది.

మర్నాడు తాపీమేస్త్రి గారిని తీసుకెళ్ళేను. ఆ డాబా కట్టినాయనే. మాట తక్కువ మనిషి. సుత్తి వెనకభాగంతో శ్లాబు మీద అక్కడా ఇక్కడా కొట్టి చూసేరు. వంటింట్లో కణకణమంది. వెనక గదిలో డబడబమంది. రాలిన పెచ్చు ఒకటి తీసి, నలిపి, నాలిక్కి తగిలించుకుని ఉమ్మేసేరు.

"మాట్లు వేస్తే ఆగదండీ. ఈ గది వరకూ కొట్టేసి కొత్తగా పోసుకోవాలి. ఇంట్లో వాళ్ళని పంపించెయ్యండి."

"పూర్తిగా పంపించెయ్యడమేనా, కొన్నాళ్ళకా?"

"అది మీరూ మీరూ చూసుకోండి. నాకు గది ఖాళీగా ఉంటే చాలండీ."

ఆ సాయంత్రం కువైట్‌కి ఫోన్ చేసేను. మా బావగారంటే నాకు భయం అనను గానీ, ఆయన ఎదుట నేను కుర్చీలో కూర్చుని ఎరగను. ఆయన వస్తే కొంగు సర్దుకుని తలుపు పక్కనుంచి మాట్లాడేదాన్ని. చెడ్డమనిషి కాదు. ఎండలో క్రేను నడిపి ఆ ఇల్లు కట్టుకున్నారు. పొద్దున్న తీసిన వీడియోలో శ్లాబు చూసి, మేస్త్రి ఏమన్నారని అడిగేరు. చెప్పేను.

"మేస్త్రి ఎలా చెబితే అలా చేయించమ్మా. డబ్బు పంపుతాను. ఎలాగూ రిపేరు కాబట్టి వాళ్ళని ఖాళీ చేయించెయ్. పని అయ్యేక తాటిపాక ఆయిలు కంపెనీలో పనిచేసేవాళ్ళెవరికైనా ఇద్దాం. ఆఫీసర్లయితే ఇల్లు నిలబడుతుంది."

"ఆయ్" అన్నాను.

మా వైపు 'ఆయ్'కి చాలా అర్థాలున్నాయి. సరేనని ఒకటి, వింటున్నానని ఒకటి. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏది ఏదో తేల్చుకోవడం అవతలివాళ్ళ పని. నేను ఫోను పెట్టేసి, వాళ్ళ సామాను తేవడానికి బండి మాట్లాడేను.

గది కొట్టేన్నాళ్ళూ ఆ ఇంట్లో ఉండడానికి లేదు కదా. అంత కొద్దిరోజులకి వేరే ఇల్లెవరిస్తారు? అందుకని వాళ్ళని మా ఇంటికే తెచ్చుకున్నాను. మా ముందు హాలూ, దాని పక్క గదీ ఇచ్చేను. మంచాలూ, బీరువా మాత్రం బావగారింటి ముందు గదిలోనే పేర్చి పట్టా కప్పేం. రెండో రోజుకే ఎదురింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"వంటింట్లోకి కూడా వస్తున్నారా వదినా?"

"రాకపోతే నా వంట నేనే చెయ్యాలి కదా వదినా" అన్నాను.

నిజానికి పెద్దావిడ వంటింటి గుమ్మం దాటేది కాదు. ఎన్నిసార్లు పిలిచినా, ఇక్కడ బావుందండీ అని గడప అవతలే కూర్చునేది. బతిమాలితే లాభం లేదని తెలిసి, ఓ పొద్దున్న కొబ్బరి కోరే పీటా, రెండు చిప్పలూ లోపల పొయ్యి పక్కన పెట్టి, "నా చెయ్యి నొప్పిగా ఉందండీ, ఇవి కోరకపోతే ఇవాళ పచ్చడి లేదు" అన్నాను. కాసేపు గడపనీ నన్నూ చూసింది. లేచి వచ్చి కోరేసింది. ఆ తరవాత నా ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకన్నా ఆవిడకే బాగా తెలిసేది.

మా ఆయన ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు.

"వెనకాల పిల్లల మాటలు వినిపిస్తున్నాయేంటి?"

"పిల్లలున్నారు కాబట్టి."

"ఎవరి పిల్లలు?"

చెప్పేను. "అన్నయ్య పక్కనే ఉన్నాడు" అని గొణిగి, వెంటనే గట్టిగా, "ఆఁ, అయితే వానలు బాగానే పడుతున్నాయన్నమాట" అన్నాడు. ఆయన సాయం అంతవరకూ.

పాత శ్లాబు కొట్టేరు. సెంట్రింగు కట్టి, ఊచలు అల్లి, కాంక్రీటు పోసేరు. పోసేక దాని మీద మడులు కట్టి రోజూ నీళ్ళు నిలబెట్టాలి. ఆ పని నర్సమ్మ అడిగి మరీ తీసుకుంది. డ్యూటీకి వెళ్ళేముందోసారి, దిగేకోసారి రాజోలు వెళ్ళి నీళ్ళు పెట్టేది. "మేం పడుకునే గదండీ" అనేది. అన్నప్పుడల్లా నా మాట నాకే ఇంకా బరువయ్యేది. మాట ఇచ్చేసేను. ఇల్లుగలాయనకి చెప్పలేదు. రెండూ ఒకరోజు ఎదురుపడక తప్పదు.

అనుకున్నదానికన్నా ముందే ఎదురుపడ్డాయి. బావగారు చెప్పకుండా సెలవు పెట్టి వచ్చేరు. మా ఇంటికి కూడా రాకుండా, విమానం బ్యాగుతో నేరుగా రాజోలు ఇంటి ముందు ఆటో దిగేరు. డాబా మీద నర్సమ్మ గొట్టంతో నీళ్ళు పెడుతోంది.

"ఎవరమ్మా పైన?"

"ఈ ఇంట్లో ఉండేవాళ్ళమండీ" అంది ఆ అమ్మాయి.

ఆయన నాకు ఫోన్ చేసి ఒకటే మాట అన్నారు. "ఓసారి ఇంటికి రామ్మా." నా మొహం చూసి పెద్దావిడ కూడా ఆటో ఎక్కింది. వద్దన్నా వినలేదు.

మేం వెళ్ళేసరికి బావగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. మేస్త్రి గారు సన్‌షేడు పూత పూస్తున్నవారు చెయ్యి ఆపేరు. నర్సమ్మ కిందకి దిగి, కొళాయి కట్టేసి, గోడ పక్కన నిలబడింది.

"నేను ఖాళీ చేయించమన్నాను కదమ్మా. నువ్వు ఆయ్ అన్నావు."

"అన్నానండీ."

"మరి?"

"విన్నానని అన్నానండీ బావగారూ. చేస్తానని అనలేదు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేస్త్రి గారు దగ్గేరో నవ్వేరో తెలీలేదు. బావగారి మొహం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోగా పెద్దావిడ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"ఇల్లుగల బాబు మీరేనా అండీ? మీ ఇల్లు చాలా చల్లగా ఉంటుందండీ. ఈ ఇంట్లో అడుగుపెట్టేకే మా పిల్ల ఉద్యోగం పర్మనెంటయింది. మమ్మల్ని వెళ్ళమంటే వెళ్తామండీ. ఈ అమ్మగార్ని మాత్రం ఏమీ అనకండి. మాకోసం మాట పడ్డం మేం చూడలేం."

"నేనేం అన్లేదమ్మా" అన్నారు ఆయన, ఇబ్బందిగా.

"పెచ్చు పడ్డ రోజునే చెప్పాల్సిందండీ. మాదే తప్పు. నా భుజమ్మీద పడింది. పెద్ద మనవరాలు అప్పుడే నా పక్కలోంచి లేచి మొహం కడుక్కోడానికి వెళ్ళింది. నా మీద పడింది కాబట్టి సరిపోయిందండీ."

"అత్తయ్యా" అంది నర్సమ్మ, ఆపమన్నట్టు.

కాలవగట్టు మీద జారేనన్న చెయ్యి అదన్నమాట. నాకూ అప్పుడే తెలిసింది. ఆ పిల్ల తలా, ఆ దిండూ కళ్ళముందు కనిపించి, వాకిట్లోనే మెట్టు మీద కూర్చుండిపోయేను. బావగారి ఎదుట కూర్చున్నానన్న ఆలోచన కూడా రాలేదు.

బావగారు ఎవరివైపూ చూడకుండా వెనక గదిలోకి వెళ్ళేరు. కొట్టి పడేసిన పాత ముక్కలు ఇంకా ఓ మూల కుప్పగా ఉన్నాయి. మేస్త్రి గారు తాపీ కింద పెట్టి ఆయన వెనకే వెళ్ళేరు. వాళ్ళ మాటలు మెట్టు దాకా వినిపించేయి.

"ఈ గది ఇసక సముద్రం వైపు నుంచి వచ్చిందండీ" అన్నారు మేస్త్రి గారు. "గోదావరి ఇసక దొరకలేదప్పుడు. ఉప్పు ఊచల్ని తినేసింది. తెలిసే దింపించేను. ఏం కాదులే అనుకున్నాను."

"నా సెలవు అయిపోతోందని నేనే తొందరపెట్టేను" అన్నారు బావగారు. "నువ్వు ఆగుదామనే అన్నావు."

బయటికొచ్చేక కూడా బావగారు పూర్తిగా మెత్తబడలేదు. మనుషులు అంత తేలిగ్గా మారరు. నన్ను పక్కకి పిలిచి, "సరే, ఏడాది ఉండనీ. ఆ తరవాత చూద్దాం. అదే చెప్పు వాళ్ళకి" అన్నారు.

"నేను చెప్పలేనండీ. తిరిగి ఈ గదిలోకే వస్తారని మాటిచ్చేను. గడువు పెట్టలేదు. ఏడాదేనని చెప్పాలంటే మీరే చెప్పండి. ఆవిడ అదిగో, అక్కడే ఉంది."

ఆయన అటు చూసేరు. పెద్దావిడ వాకిట్లో పడ్డ సిమెంటు మరకల్ని చీపురుతో రుద్దుతోంది. ఆయన రెండడుగులు అటు వేసి వెనక్కి వచ్చేసేరు.

"మాట నువ్విచ్చేవు. ఇల్లు నాది" అన్నారు చివరికి.

"ఆయ్, మీదేనండీ." గుత్తిలోంచి ఆ ఇంటి తాళాలు విప్పి, ఆయన చేతికివ్వకుండా అరుగు మీద పెట్టేను. "మాట తప్పి ఈ ఇల్లు చూసుకోవడం నావల్ల కాదు. ఇంక మీరే చూసుకోండి."

వద్దంటారనుకున్నాను, అబద్ధమెందుకు. ఆయన తాళాలు తీసి జేబులో వేసుకున్నారు. ఆటోలో ఇంటికొస్తున్నంతసేపూ పెద్దావిడ నా చెయ్యి వదల్లేదు.

వాళ్ళు ఆ గదిలోకి తిరిగి వెళ్ళేరు. బావగారు ఏడాదనీ అనలేదు, ఇంకోటీ అనలేదు. సెలవు అయ్యేముందు ఆ ఇంటికెళ్ళి, తాళాలు నర్సమ్మ చేతికే ఇచ్చి, "ఏదైనా పాడైతే నాకే ఫోన్ చెయ్యమ్మా" అని చెప్పి వెళ్ళిపోయేరు. నాకు మాత్రం చెప్పలేదు. మా ఇంటికి రాలేదు. ఆ ఇంటి గుమ్మం నేను చాలాకాలం ఎక్కలేదు. గెలిచేనో ఓడేనో తెలీని ఉద్యోగం అది.

తరవాతి సంగతులు మా ఆయన చెప్పినవే. ఫోను కోసం బావగారు చూసేరట. నర్సమ్మ చెయ్యలేదు. అందుకని ఆయనే శుక్రవారం సెలవుపూట వీడియో కాల్ చెయ్యడం మొదలుపెట్టేరు. శ్లాబు చూపించమ్మా, మోటారు వేసి చప్పుడు వినిపించమ్మా, గోడకి చెయ్యి ఆనించి చెమ్మ ఉందేమో చెప్పమ్మా అని ఒకటే పోరు. నేను కూడా అంత పట్టుగా ఎప్పుడూ చూడలేదు. నర్సమ్మ డ్యూటీలో ఉంటే ఫోను పెద్దావిడ ఎత్తేది. ఆవిడ శ్లాబుతో పాటు మునగచెట్టూ, పిల్లల మార్కులూ, వండిన కూరా కూడా చూపించేది. వంటింటి కొళాయి కారుతోందని ఆవిడే మొహమాటం లేకుండా చెప్పేసిందట.

ఓ శుక్రవారం, "మీరుండే గది ఏదీ బాబూ, ఓసారి చూపించండి" అందట. ఆయన మొహమాటపడుతూ ఫోను అటు తిప్పేరు. రెండంతస్తుల ఇనప మంచాలు, వేలాడే బట్టలు. పై మంచానికి సరిగ్గా ఎగువన, ఏసీ గొట్టం నుంచి నీళ్ళు కారి పెచ్చు ఉబ్బిన పైకప్పు.

"అదేంటండీ, అలా దిగింది? మీ ఇల్లుగలాయనకి చెప్పలేదా?"

"ఇక్కడ కంపెనీ గది అమ్మా. ఎవరు పట్టించుకుంటారు?"

"పట్టించుకోకపోతే మళ్ళీ చెప్పాలండీ. నెత్తి మీద పడేదాకా ఊరుకుంటారా?"

మర్నాడే ఆయన ఆ గదుల సంగతి చూసే కంపెనీ క్యాంపు ఆఫీసుకి వెళ్ళి చెప్పేరట. వాళ్ళు వినలేదు. తరవాతి శుక్రవారం కూరగాయల మాట ఎత్తకుండానే ఆవిడ అడిగింది. ఆ పై శుక్రవారమూ అడిగింది. మా ఆయన నవ్వుతూ చెబుతాడు, చివరికి అన్నయ్య ఆవిడకి జవాబు చెప్పలేకే ఆ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి బాగుచేయించేడని. అయిపోయిందమ్మా అని ఆయన చెబితే, పెద్దావిడ ఊరికే నమ్మలేదు.

"ఏదీ బాబూ, ఫోను పైకెత్తండి. చూసి చెబుతాను."